మొటిమకో మూడు నెలలు

రండి, కూర్చోండి. కుంపటికి ఇంకాస్త దగ్గరగా జరగండి, మొహమాటం వద్దు. మార్గశిరం వచ్చిందంటే మా రాబర్ట్‌సన్‌పేటలో పొద్దు వాలకముందే చలి గడప దాటి లోపలికొచ్చేస్తుంది. కోలారు జిల్లా ఎత్తునేల కదా, చలికాలం సాయంత్రాలు వణికిస్తాయి. బొగ్గులు రాజుకునేలోపు ఏదో ఒకటి మాట్లాడుకుందాం. ఈ పూట నాకు మొటిమల గురించి చెప్పాలని ఉంది.

చిన్న సంగతే అనుకుంటున్నారు కదూ? పదహారేళ్ళ పిల్లనో పిల్లాడినో అడిగి చూడండి. పరీక్ష తప్పితే రెండు రోజులు ఏడ్చి ఊరుకుంటారు. బుగ్గ మీద నాలుగు మొటిమలు లేస్తే మాత్రం నెలల తరబడి తల దించుకుని నడుస్తారు. ఇరవై ఆరేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. ముందు బెంచీలో కూర్చునే పిల్ల ఉన్నట్టుండి వెనక్కి వెళ్ళిపోతుంది. జుట్టు చెంపల మీదికి దువ్వుకుంటుంది. క్లాసు ఫోటో తీసే రోజు జ్వరమని మానేస్తుంది. ఏమైందమ్మా అని అడిగే పని ఉండేది కాదు నాకు.

ముందు మా తాత సంగతి చెప్పనివ్వండి, మొటిమల దగ్గరికి ఆ దారినే వస్తాను.

మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి ఇక్కడి కోలారు బంగారు గనుల్లో పనికి వచ్చినవాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ అడుగుపెట్టినప్పటి నుంచి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా, చుట్టుపక్కల తెలుగువాళ్ళూ తమిళులూ తరతరాలుగా ఆ సొరంగాల్లోకి దిగారు. తాతది చాంపియన్ రీఫ్ గని. దాని లోతు 3 కిలోమీటర్లు దాటింది. అంత అడుగున రాయే 60 డిగ్రీలకు మించి కాగి ఉండేది. చల్లగాలిని లోపలికి తోలే యంత్రాలు లేకపోతే మనిషి నిలబడే చోటే కాదు. షిఫ్టు దిగి పైకొచ్చేసరికి తాత వీపు మీద ఆవాలు చల్లినట్టు చెమటకాయలు ఉండేవట. ఆయన గోడకి వీపు రాసుకోబోతే అవ్వ కేకేసేది. బేతమంగళం చెరువు నుంచి గొట్టాల్లో వచ్చే నీళ్ళు బిందెలో పట్టి ఉంచేది. పలచటి పాత పంచె గుడ్డ తడిపి వీపు మీద పరిచేది. రుద్దడం లేదు, గీకడం లేదు. "వాటి పాటికి వాటిని ఉండనీ. తడిపి వదిలేస్తే అవే పోతాయి" అనేదని మా అమ్మ చెప్పేది. అవ్వకి అక్షరం ముక్క రాదు. కానీ చెమట బయటికొచ్చే సన్నటి దారి మూసుకుపోతే చెమటకాయ లేస్తుందనీ, ఒంటిని చల్లబరిచి ఊరుకుంటే ఆ దారి మళ్ళీ తెరుచుకుంటుందనీ వైద్యులు చెప్పే మాటా, అవ్వ చేసిన పనీ ఒకటే.

మన ఇళ్ళల్లో ఒక అలవాటుంది. ఒంటి మీద ఏది లేచినా 'వేడి చేసింది' అనేస్తాం. చెమటకాయ లేచినా వేడే, సెగ్గడ్డ లేచినా వేడే, మొటిమ లేచినా వేడే. సెగ్గడ్డ పేరులోనే సెగ ఉంది కదా మరి. కానీ ఈ మూడూ వేరు వేరు. చెమటకాయ చెమట దారిలో పుడుతుంది. సెగ్గడ్డ వెంట్రుక కుదుట్లోకి సూక్ష్మక్రిమి దిగి చీము పట్టించేది. అది నొప్పి పుట్టి పెద్దదైతే, జ్వరం వస్తే డాక్టరుకి చూపించాల్సిందే. మొటిమ దారి మరొకటి. మూడింటికీ ఒకే మందు, ఒకే పథ్యం పెట్టబోతే ఎక్కడో ఒకచోట తప్పు జరుగుతుంది.

ఆ తప్పుకి ఎక్కువగా బలయ్యేది మామిడిపండు. మా జిల్లాలో శ్రీనివాసపురం తెలుసు కదా, మామిడికి పెట్టింది పేరు. బాదామి, రసపురి, తోతాపురి, మల్లిక, నీలం, ఏది కావాలంటే అది. మే నెల వచ్చిందంటే ఆ దారి పొడుగునా మగ్గిన పళ్ళ వాసన. అక్కడి పిల్లలకే ఇంట్లో ఆంక్షలు: "మామిడి తింటే మొకమంతా గుల్లలొస్తాయి, వద్దు." నేను ఈ మాట వినని ఎండాకాలం లేదు. ఇందులో ఒక నిజం ఉంది, అది మనం అనుకునే చోట లేదు. మామిడి, జీడి ఒకే కుటుంబపు చెట్లు. జీడిపిక్క రసం చర్మాన్ని ఎట్లా కాలుస్తుందో మీకు తెలుసు. మామిడి సొనలోనూ తొక్కలోనూ అలాంటి గుణమే కొంత ఉంది. పండుని కడక్కుండా తొక్క పళ్ళతో చీల్చి తింటే, మూతి చుట్టూ దురద పుట్టి ఎర్రటి పొక్కులు లేస్తాయి. కాయలు కోసే కూలీల చేతుల మీద, మెడ మీద సొన పడి కాలిన మచ్చలు మీరే చూసి ఉంటారు. అది మొటిమ కాదు, సొన చేసిన గాయం. తొడిమ దగ్గర కోసి, సొన కారనిచ్చి, ఒక పూట నీళ్ళలో వేసి, తొక్క తీసి ముక్కలు చేసుకుని తింటే చాలామందికి ఏమీ కాదు.

తిండికీ మొటిమకీ అసలు సంబంధమే లేదా అంటే, అట్లా తెగేసి చెప్పను. రోజూ తీపి పానీయాలు, మైదా, చక్కెర ఎక్కువగా తీసుకునేవాళ్ళలో మొటిమలు పెరుగుతాయని కొంత ఆధారం ఉంది. పాల మీద కూడా అనుమానం ఉంది కానీ అంత గట్టిగా లేదు. రాగిముద్ద, పులుసు తిని పెరిగే మా పిల్లల్ని 'నూనె తిన్నావు, అందుకే లేచాయి' అని కంచం ముందు సాధించడం మాత్రం అన్యాయం. తినే పిల్ల చేయి ఆగిపోతుంది, మొటిమ ఆగదు.

సరే, మొటిమ ఎట్లా పుడుతుందో చూద్దాం. చర్మం కింద చిన్న చిన్న నూనె గ్రంథులు ఉంటాయి. అవి వెంట్రుక కుదుట్లోకి నూనె వదిలి చర్మాన్ని మెత్తగా ఉంచుతాయి. ఈడు వచ్చేసరికి ఒంట్లో మారే హార్మోన్లు ఆ గ్రంథుల్ని తట్టి లేపుతాయి. నూనె ఎక్కువ ఊరుతుంది. కుదుటి మూతి దగ్గర రాలాల్సిన చర్మపు పొట్టు రాలకుండా అతుక్కుని బిరడాలా కూర్చుంటుంది. అందరి చర్మం మీదా మామూలుగా బతికే ఒక సూక్ష్మజీవి ఆ మూసిన గదిలో తామరతంపరగా పెరుగుతుంది. ఒళ్ళు దాని మీద కోపం తెచ్చుకుంటుంది. ఆ కోపమే ఎరుపు, వాపు, నొప్పి. యవ్వనంలో పదిమందిలో ఎనిమిది మందికి ఏదో ఒక మేరకు ఇది తప్పదు. కొత్త రోగం కూడా కాదు. సుశ్రుతుడు దీన్ని ముఖదూషిక అన్నాడు, బూరుగుచెట్టు మానుకుండే ముళ్ళతో పోల్చాడు. మా ఊరి పొలిమేరలో బూరుగు చెట్టు చూసినప్పుడల్లా ఆ పోలిక గుర్తొస్తుంది నాకు. ఎంత శ్రద్ధగా చూసి ఉంటాడో ఆ మనిషి!

ఇక్కడ ఇంకో మాట. మా కేజీఎఫ్‌లో, అంటే ఈ కోలారు బంగారు గనుల ఊళ్ళో, సైనైడ్ దిబ్బలున్నాయి. గనిలో తీసిన రాయిని పిండి చేసి, బంగారం లాగేసి, మిగిలిన మట్టిని నూరేళ్ళకు పైగా పోసి పోసి కొండలు చేశారు. గాలికాలంలో ఆ దుమ్ము ఇళ్ళల్లోకి వస్తుంది, కళ్ళు మండుతాయి, దగ్గు వస్తుంది. అది నిజమైన బాధే, దాని మీద మా ఊరి ఫిర్యాదులూ నిజమైనవే. కానీ ముక్కు మీద నల్లటి చుక్కలు కనబడితే అది దిబ్బల దుమ్మనుకుని పీచుతో గీకే పిల్లలు ఉన్నారు. ఆ నలుపు దుమ్ము కాదు, మురికీ కాదు. కుదుటిలో అడ్డం పడ్డ పొట్టూ, అందులోని చర్మపు రంగూ గాలి తగిలి నల్లబడతాయి, అంతే. గీకితే పోయేది కాదు. గీకితే పుండవుతుంది. మనలాంటి చామనఛాయ చర్మానికి పుండు మానినా దాని నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. మొటిమ కంటే ఆ మచ్చే ఎక్కువ రోజులు ఏడిపిస్తుంది.

ఇప్పుడు మా అక్క కూతురి విషయం.

గనులు మూతపడ్డాక మా ఊరి బతుకు రైలెక్కింది. తెల్లారకముందే మారికుప్పం నుంచి బయల్దేరే బండి చాంపియన్, ఉరిగాం, కోరమాండల్‌లో జనాన్ని ఎక్కించుకుని బంగారుపేట మీదుగా బెంగళూరు పోతుంది. వేలమంది పొద్దున పోయి రాత్రి వస్తారు. మా పిల్లా అందులోనే. ఇరవై రెండేళ్ళు. తుండు మొహానికి చుట్టుకుని, చెమటతో, నిద్రలేమితో రోజూ అంత దూరం పోయి రావడం. గడ్డం మీద, చెంపల మీద మొటిమలు లేచాయి. తోటి పిల్ల చెప్పిందని ఒక మందుల షాపుకి వెళ్ళి 'మొకానికి మంచి క్రీము' అని అడిగింది. డాక్టరు చీటీ లేదు, ప్రశ్న లేదు. చిన్న ట్యూబు చేతిలో పెట్టారు. వారంలో మొహం నున్నగా, తెల్లగా అయ్యింది. ఇంట్లో అందరం మురిసిపోయాం, నేను కూడా. అది నాకిప్పటికీ బాధే. రెండు నెలల తర్వాత చెంపలు ఎర్రబారాయి, సన్నటి నెత్తురు గీతలు కనబడసాగాయి, మునుపటికంటే ఎక్కువ మొటిమలు గుంపుగా లేచాయి. ఒక రోజు పూయకపోతే మంట.

"చిన్నమ్మా, మానేస్తే మండతా ఉండాది. పూస్తే చల్లగుంటాది. యాల మానాల?" అని నన్నే అడిగింది.

ఆ ట్యూబులో ఉన్నది స్టీరాయిడ్. డాక్టరు చూసి, ఫలానా జబ్బుకి, ఫలానా రోజులు అని రాసిస్తే అది మంచి మందే. మొహానికి నెలల తరబడి పూస్తే చర్మాన్ని పలచన చేస్తుంది. ఇది మా పిల్ల ఒక్కదాని కథ కాదు. 2011లో మన దేశపు చర్మవైద్యుల పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 12 చోట్ల మొహం మీది బాధలతో ఆసుపత్రికి వచ్చిన 2,926 మందిని అడిగితే, 433 మంది అప్పటికే మొహానికి స్టీరాయిడ్ పూస్తున్నారు. అంటే ప్రతి ఏడుగురిలో ఒకరు! చర్మవైద్యుల సంఘం ఏళ్ళ తరబడి మొత్తుకున్నాక, 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టీరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదన్న జాబితాలోకి తెచ్చింది. జాబితా కాగితం మీద ఉంది. ట్యూబు మాత్రం ఇంకా చేతులు మారుతూనే ఉంది. అందుకే, ఇంట్లో పిల్ల మొహం వారంలో తెల్లబడితే దయచేసి మురవకండి. ఆ ట్యూబు ఒకసారి చేతిలోకి తీసుకుని, పేరు చివర 'సోన్' అనో 'సాల్' అనో ఉందేమో చూడండి. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ ఆ కోవలోవే. ఉంటే ఒక్కసారిగా మాన్పించకుండా చర్మవైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. కోలారులో ఎస్‌ఎన్‌ఆర్ జిల్లా ఆసుపత్రి ఉంది, టమకలో దేవరాజ అరసు వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అంత దూరం కాదు.

మా పిల్లని చూసిన డాక్టరమ్మ కోప్పడలేదు. "మొహాన్ని కొన్నాళ్ళు విశ్రాంతిగా ఉండనిద్దాం" అంది. ఆ మాట వినగానే నాకు అవ్వ తడి గుడ్డ కళ్ళ ముందు మెదిలింది. ముందు మంట తగ్గించి, చర్మం కుదుటపడ్డాక మొటిమలకి అసలు మందు మొదలుపెట్టింది. రాత్రి పూట అడాపలీన్ జెల్. మొహం మెల్లగా కడిగి, తడి పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత తీసి మొహమంతటా పలచగా రాయాలి. ఒక్కో మొటిమ మీద బొట్టు పెట్టడం కాదు. మొదట్లో రాత్రి విడిచి రాత్రి. పొట్టు లేస్తుంది, కాస్త ఎర్రబడుతుంది, మొటిమలు పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే చాలామంది మానేస్తారు. గుణం కనబడడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. గర్భం ధరించాలనుకునేవాళ్ళు, ధరించినవాళ్ళు ఈ మందు వాడకూడదు, ముందే డాక్టరుకి చెప్పాలి. కొందరికి బెంజాయిల్ పెరాక్సైడ్ రాసిస్తారు. అది క్రిముల్ని తగ్గిస్తుంది కానీ దిండు గలీబునీ తువ్వాలునీ వెలిసిపోయేలా చేస్తుంది. పాత గుడ్డ ఒకటి దానికే కేటాయించుకోండి. పగలు ఎండలోకి వెళ్ళేటప్పుడు సన్‌స్క్రీన్ తప్పదు, నల్లమచ్చలు ఎండకే ముదురుతాయి.

మూడు నెలలు! ఫోను తెరిస్తే మూడు రోజుల్లో మాయం చేస్తామనే మాటలే ఉన్న కాలంలో, పిల్లకి మూడు నెలలు ఆగమని చెప్పడం ఎంత కష్టమో చూశాను. అందుకే నేను ఆమె మొహం గురించి అడగడం మానేశాను. రైలు ఎంత ఆలస్యం, టిఫిను తిన్నావా, ఇవే అడిగాను. అద్దం విషయంలో మాత్రం ఒక ఒప్పందం చేసుకున్నాం: రోజుకి రెండుసార్లు, మొహం కడిగినప్పుడు, చేయిచాపు దూరం నుంచి. ఫోను కెమెరాని మొహానికి ఆనించి చూసుకోవడం లేదు. అంత దగ్గర్నుంచి మనల్ని మనం తప్ప ఎవరూ చూడరు. పూర్వం ఇంత వెలుగు కూడా ఉండేది కాదు. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు మా గనులకి వచ్చింది, బెంగళూరు వీధుల్లో దీపాలు వెలగడానికంటే మూడేళ్ళు ముందే. అంతకు ముందు మా ముత్తవ్వలు తమ మొహాలు కిరసనాయిలు బుడ్డి వెలుగులో చూసుకునేవాళ్ళు. ఆ పచ్చటి వెలుగులో ఏ మొహమైనా ఎంత నిండుగా కనిపించి ఉంటుందో అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

మా ఇంటి నీళ్ళ గురించీ చెప్పాలి. ఇప్పుడు మాకు చాలావరకు బోరునీళ్ళే, ట్యాంకరు నీళ్ళే. గట్టినీళ్ళు. సబ్బు నురగ రాదు, నురగ రాలేదని ఇంకాస్త రుద్దుతాం, ఆ సబ్బు జిడ్డు పోకుండా మొహం మీదే ఉండి చర్మాన్ని ఎండబెడుతుంది. ఎండిన చర్మం మీద మందు ఇంకా మండుతుంది. మేము చేసింది చాలా మామూలు పని. ఘాటు సబ్బు మాని, మెత్తటి ఫేస్‌వాష్ కొంచెంగా, ఉదయం ఒకసారి, రైలు దిగి వచ్చాక ఒకసారి. చివరిగా ఒక చెంబు కాచి చల్లార్చిన నీళ్ళు. తువ్వాలుతో అద్దడమే, తుడవడం కాదు. తలనూనె రాసిన రాత్రి నుదుటి మీదికి దిగకుండా జుట్టు ముడి. వారానికి రెండుసార్లు దిండు గలీబు మార్పు.

మరి నలుగు, పసుపు, గంధం? వాటి మీద నాకు ప్రేమే. పెళ్ళిలో నలుగు పెట్టని ఇల్లు ఎట్లా ఉంటుంది? కానీ వాచిన మొటిమల మీద సున్నిపిండి పెట్టి రుద్దితే గీరుకుపోతుంది. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్తే చర్మం కాలి నల్లబడుతుంది, అది అస్సలు వద్దు. టూత్‌పేస్టు పెట్టడం కూడా వద్దు. గంధం చల్లగా ఉంటుందనిపిస్తే పలచగా రాసి, ఎండి పిగిలేలోపే కడిగేయండి. మొటిమని తగ్గించే మందుగా మాత్రం దాన్ని నమ్ముకోకండి.

మీ పిల్లలకి లోతుగా, గడ్డల్లా, నొప్పితో లేస్తుంటే, గుంటలు పడుతుంటే ఇంటి వైద్యంతో కాలయాపన చేయకండి. ఆ గుంటలు తర్వాత పూడవు. ఆడపిల్లకి మొటిమలతో పాటు నెలసరి తప్పుతుంటే, గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తుంటే అది హార్మోన్ల సంగతి, చూపించాలి. పిల్ల తిండి మానేసి, మాట మానేసి, గదిలోంచి రాకుంటే మొహం కంటే ముందు మనసుని పలకరించండి.

బంధువులకి ఒక మాట. పెళ్ళిలోనో పేరంటంలోనో కనబడగానే "అయ్యో, మొకమేంటే ఇట్లయిపోయె?" అంటారు చూడండి, ప్రేమతోనే అంటారు. ఆ పిల్ల అప్పటికి ఆ మాట ఆ రోజు నాలుగోసారి వింటూ ఉంటుంది. 2015లో ప్రేమమ్ అనే మలయాళ సినిమా వచ్చింది. అందులో నటి సాయిపల్లవి బుగ్గల మీది ఎర్రటి మొటిమల్ని రంగు వేసి దాచలేదు. తర్వాత 2017లో ఫిదాలోనూ అదే మొహంతో మన ముందుకి వచ్చింది. చర్మం తెల్లబరిచే క్రీము ప్రకటన చేయనని చెప్పేసింది. ఫిదా చూసి వచ్చిన రోజు మా బడిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, ఏడాదిగా వేసుకు తిరుగుతున్న జుట్టు పాయని చెవి వెనక్కి దోపుకుని ముందు బెంచీలో కూర్చుంది. నేను చెప్పిన పాఠాలు ఎన్నో చేయలేని పని అది.

బొగ్గులు బూడిదవుతున్నాయి, ఇంకో రెండు వేయనా? మా పిల్లకి మందు మొదలుపెట్టి నాలుగో నెల. మొటిమలు పూర్తిగా పోలేదు, గడ్డం కింద ఒకటీ అరా లేస్తూనే ఉన్నాయి. చెంపల ఎరుపు తగ్గింది. నిన్న రాత్రి బండి దిగి సరాసరి ఇక్కడికే వచ్చింది. తుండు తీసి కొక్కేనికి తగిలించి, ఈ కుంపటి ముందే, మీరు కూర్చున్న చోటే కూర్చుంది. రెండేళ్ళుగా మామిడిపండు ముట్టలేదు ఆ పిల్ల, మొటిమలని భయపడి.

"చిన్నమ్మా, శ్రీనివాసపురం తోటల్లో ఈసారి పూత ఎట్లుండాది?" అంది.

"ఇంకా ఇప్పుడేగా మొదలయ్యేది. యాల?"

"బాదామి ఒక బుట్ట చెప్పిపెట్టు. సొన కారిపోయేదాకా నీళ్ళలో నేనే వేసి పెడతా."